రిక్రూటు అనే మాట, మా ఇంట్లో ఒక తగువు

పోయిన చలికాలంలో మా అక్క మనవడు ఖరగ్‌పూర్ నుంచి వచ్చి, బెహాలాలో మా ఇంట్లో పదిహేను రోజులున్నాడు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. సైన్యంలో అగ్నివీరుగా చేరాలని వాడి పట్టుదల, వద్దని వాళ్ళ నాన్న పట్టుదల. "మావయ్య చెప్తే వింటాడు" అని నా దగ్గరికి పంపించారు. అంటే నేను వద్దనే చెప్తానన్న ధీమాతో అన్నమాట.

వచ్చిన రోజు రాత్రి అన్నం దగ్గర వాడు అడిగిన మొదటి ప్రశ్న ఉద్యోగం గురించి కాదు. "తాతయ్యా, రిక్రూట్ అంటే అసలు అర్థం ఏమిటి? చేర్చుకోవడం అని చెప్తే, అది వాడుక, మాట పుట్టుక చెప్పు అన్నారు మా కోచింగు మాస్టారు."

నేను రక్షణ లెక్కల శాఖలో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. చదివింది బి.కాం. ఆ మాట పక్కన ఎన్ని వేల టిక్కులు పెట్టానో లెక్కలేదు. పుట్టుక మాత్రం ఏనాడూ వెతకలేదు. అంతకంటే ఘోరం, వెతక్కుండానే ఒక పుట్టుక చెప్పి ఊరేగాను. అది ముందు ఒప్పుకుంటాను.

హిందీలోనూ బెంగాలీలోనూ రిక్రూటుని రంగ్‌రూట్ అంటారు. కలకత్తా ఆఫీసులో చేరిన కొత్తలో ఆ మాట విని ముచ్చటపడ్డాను. రంగ్ అంటే రంగు, రూట్ అంటే వేరు. రంగు ఇంకా వేరు దాకా ఇంకనివాడు, అనగా ఒంటి మీద యూనిఫాం ఉంది గానీ లోపలికి సిపాయితనం దిగనివాడు. ఇలా ఒక వ్యాఖ్యానం అల్లేసి టిఫిను వేళ అందరికీ చెప్పేవాణ్ణి. అందరూ వాహ్ వాహ్ అనేవారు. సగం హిందీ ముక్క, సగం ఇంగ్లీషు ముక్క అతికించి ఒక మాట ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని ఎవరూ అడగలేదు. నేనూ నన్ను అడుక్కోలేదు. చాలా ఏళ్ళ తరవాత, హేతువాద మిత్రుల సమావేశాల్లో పరిచయమైన ఒక బెంగాలీ లెక్కల మాస్టారు ఒక్క ముక్కే అడిగాడు: "దాదా, ఆధారం?" నా దగ్గర ఏముంది, గుండ్రని సున్నా.

రంగ్‌రూట్ అంటే ఇంగ్లీషు రిక్రూటే. నోరు తిరగని మాటని నోటికి అలవాటైన మాటల అచ్చులో పోసుకోవడం ఏ దేశంలోనైనా జరిగే పని. మనం హాస్పిటల్‌ని ఆసుపత్రి చేసుకున్నాం. అందులో "పత్రి" ఉంది కాబట్టి పూర్వం వినాయకచవితి పత్రితో వైద్యం చేసేవారని ఎవరైనా చెప్తే నవ్వుతాం కదా, నేను చేసింది సరిగ్గా అదే. ఈ కలకత్తా రేవు నుంచి ఫిజీకి, సురినాంకి కూలీలుగా వెళ్ళిన వేలాది మంది అగ్రిమెంటుని గిర్మిట్ అన్నారు, వాళ్ళకి గిర్మిటియాలు అని పేరొచ్చింది. గార్డెన్ రీచ్ వైపు సురినాం ఘాట్ ఇప్పటికీ ఉంది. వాళ్ళని ఊళ్ళలో మాయమాటలు చెప్పి పట్టుకొచ్చే దళారిని ఆడ్‌కాఠీ అనేవారు. అది రిక్రూటర్ అనే మాటకి వికృతి అని చాలామంది రాస్తారు. కానీ బెంగాలీ నిఘంటువులో అదే మాటకి నదీముఖంలో ఓడకి దారి చూపేవాడు అనే అర్థం కూడా ఉంది. చెవికి దగ్గరగా వినపడినంత మాత్రాన చుట్టరికం ఖాయం కాదు. మన పేర్ల చివర ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఆస్తిలో వాటా వస్తుందా?

ఈ జబ్బు నా ఒక్కడిది కాదు. రోమన్ సిపాయిలకి ఉప్పు జీతంగా ఇచ్చేవారు, అందుకే శాలరీ అంటారు అని మన దగ్గర ప్రతి కామర్సు లెక్చరరూ చెప్తాడు. లాటిన్‌లో సలారియం అనే మాటకి సల్ అంటే ఉప్పుతో సంబంధం ఉన్న మాట నిజమే. కానీ సిపాయిల చేతిలో ఉప్పుమూటలు పెట్టి జీతం అన్నారని చెప్పే ప్రాచీన ఆధారం ఒక్కటీ లేదు. రోమన్ సిపాయి జీతం నాణేల్లోనే తీసుకున్నాడు. సోల్జర్ అనే మాటే సోలిడస్ అనే రోమన్ బంగారు నాణెం పేరులోంచి వచ్చింది. ఇంగ్లండులో ఇంకో కథ ఉంది. తాగుబోతు గ్లాసు అడుగున రాజుగారి షిల్లింగు వేసేవారట, తాగేశాక అది వాడి చేతికి తగిలితే సైన్యంలో చేరినట్టేనట, అందుకే జనం అడుగున గాజు ఉన్న చెంబులు కొనుక్కున్నారట. నిజానికి షిల్లింగు పుచ్చుకున్నవాణ్ణి కూడా మెజిస్ట్రేటు ముందు నిలబెట్టి సమ్మతి అడిగే నిబంధన ఉండేది, కొంత సొమ్ము కట్టి బయటపడే దారీ ఉండేది. మోసాలు జరగలేదని కాదు, బోలెడు జరిగాయి. చెంబు కథ మాత్రం పర్యాటకులకి చెంబులు అమ్ముకోవడానికి పనికొచ్చే కథ.

సరే, అసలు పుట్టుకకి వద్దాం.

లాటిన్‌లో క్రెస్కెరె అంటే పెరగడం. దాని ముందు "రె" అంటే మళ్ళీ. అది ఫ్రెంచిలోకి వచ్చి రెక్రూ అయింది. మళ్ళీ పెరిగింది అని అర్థం. యుద్ధంలో తరిగిపోయిన పటాలానికి కొత్తగా వచ్చి చేరే జనాన్ని అలా పిలిచారు. కోసిన చేను మళ్ళీ మొలవడం లాంటిది, మనవాళ్ళు పిలక అంటారే, అది. ఇంగ్లీషులోకి 17వ శతాబ్దం మధ్యలో వచ్చింది. అప్పట్లో ఇంగ్లండులో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం జరుగుతోంది. సభలో చనిపోయిన, వెళ్ళగొట్టిన సభ్యుల ఖాళీల్లో 1645 నుంచి కొత్తవాళ్ళని ఎన్నుకున్నారు. చరిత్ర పుస్తకాల్లో వాళ్ళ పేరు రిక్రూటర్లు! అంటే చేర్చుకునేవాళ్ళు అని కాదు, ఖాళీ పూడ్చినవాళ్ళు అని. ఆ తరవాత కూడా చాలాకాలం జబ్బుపడి లేచినవాడు ఒళ్ళు కోలుకోవడాన్ని ఇంగ్లీషులో రిక్రూట్ చేసుకోవడం అనే అనేవారు. దొరలు వేసవిలో కొండలకి వెళ్ళింది ఆరోగ్యాన్ని రిక్రూట్ చేసుకోవడానికే.

ఒక సరదా సంగతి. ఫ్రెంచి నాటకకర్త రసీన్ 1690లలో తన కొడుక్కి రాసిన ఒక ఉత్తరంలో, హాలండు పత్రికలు చూసి వార్తలు రాయకు, వాటిలో "రెక్రూతే" లాంటి పనికిమాలిన మాటలుంటాయి, అవి నేర్చుకుంటావు అని మందలించాడు. మన ఇళ్ళల్లో పిల్లల్ని టీవీ తెలుగు మాట్లాడొద్దని తిట్టినట్టే. రసీన్‌గారి మందలింపు ఎవరూ వినలేదు. ఆ మాట డచ్చికి, జర్మనుకి, స్వీడిష్‌కి పాకింది, మనదాకా వచ్చి రంగ్‌రూటయింది.

ఇదంతా చదువుతున్నప్పుడు నన్ను కుర్చీలోంచి లేపిన మాట వేరే ఉంది. అదే క్రెస్కెరె సంతానంలో నెలవంకకి వాడే క్రెసెంటు ఉంది, కాంక్రీటు ఉంది, ఓడ సిబ్బందిని చెప్పే క్రూ ఉంది, ఇంకా అక్రూ ఉంది. అక్రూవల్! బి.కాం. మొదటి ఏడు నుంచి రిటైరైన రోజు దాకా నేను తిన్న అన్నం ఆ మాటది. చేతికి ఇంకా రాకపోయినా హక్కుగా పెరిగి మన ఖాతాలో చేరేది అక్రూవల్. అకౌంటెంటు మాటా సిపాయి మాటా ఒకే తల్లి బిడ్డలు. మా ఆవిడని వంటింట్లోంచి పిలిచి చెప్పాను. "అయితే ఇప్పుడు పెన్షన్ పెరుగుతుందా?" అంది.

మన వాడుక ఏమిటని చూస్తే, హిందీ భర్తీ. భర్‌నా అంటే నింపడం. తెలుగు పేపర్లలో "ఖాళీల భర్తీకి నోటిఫికేషన్" అని రోజూ చూస్తాం. ఫ్రెంచివాడు మళ్ళీ పెరగడం అన్నాడు, మనం నింపడం అన్నాం. రెండింటికీ ముందు ఒక గొయ్యి ఉండాలి. ఎవరో పోతేనే ఎవరో చేరతారు.

నాకు ఆ గొయ్యి తెలుసు. సర్వీసు మొదట్లో కొన్నేళ్ళు ఒక రెజిమెంటు సిపాయిల జీతాల లెక్కలు చూసే ఆఫీసులో పనిచేశాను. సైన్యంలో సిపాయికి సంబంధించిన ప్రతి మార్పునీ కాగితం మీద "క్యాజువాలిటీ" అంటారు. పేపర్లో చదివే అర్థం కాదు. సెలవు మీద వెళ్ళినా క్యాజువాలిటీయే, పెళ్ళయినా, పిల్ల పుట్టినా, నాయక్‌గా ప్రమోషన్ వచ్చినా క్యాజువాలిటీయే. పార్ట్ టూ ఆర్డర్ అనే కాగితం మీద అవన్నీ వరసగా వచ్చేవి, మేం ఖాతాల్లోకి ఎక్కించేవాళ్ళం. కొత్తగా చేరినవాడి పేరు పక్కన "టేకెన్ ఆన్ స్ట్రెంగ్త్", పోయినవాడి పేరు పక్కన "స్ట్రక్ ఆఫ్ స్ట్రెంగ్త్". రిటైరై ఇంటికి వెళ్ళినవాడికీ అదే మాట, మంచు కింద పడి చనిపోయినవాడికీ అదే మాట.

ఒక నెల లెక్క నాకు బాగా గుర్తు. స్ట్రెంగ్తు స్టేట్‌మెంటు చూస్తున్నాను. ఆ జాబితాలో ఒకడు తగ్గాడు, ఒకడు పెరిగాడు. మొత్తం మారలేదు. ఒకే చోట లెక్క సరిపోయిందని మా సూపర్‌వైజరు సంతోషించాడు, నేనూ సంతోషించాను. తరవాత ఫైలు కట్టేటప్పుడు ఆ తగ్గినవాడి పుట్టిన తేదీ కనపడింది. నాకంటే పదకొండు రోజులు చిన్నవాడు. కారణం గడిలో "మరణం". ఆ రోజు ఎక్కువ పని చెయ్యలేకపోయాను. మర్నాడు మామూలే.

అకౌంటెంట్లని రాతి గుండెలవాళ్ళంటారు గానీ, సైన్యం లెక్కల్లో మరీ పాత జాలి కథ ఒకటుంది. 18వ శతాబ్దపు బ్రిటిష్ నౌకాదళంలో ప్రతి ఓడ పుస్తకంలోనూ లేని మనుషుల పేర్లు కొన్ని ఎక్కించేవారు. వాళ్ళని విధవల మనుషులు అనేవారు. వాళ్ళ జీతం కూడబెట్టి, చనిపోయిన నావికుల భార్యలకి పంచేవారు. దొంగ మస్టరే, కానీ ప్రభుత్వం అనుమతి ఉన్న దొంగ మస్టరు. మస్టర్ అనే మాట కూడా లాటిన్‌లో చూపించడం అనే మాటలోంచి వచ్చింది. మనిషిని ఎదురుగా నిలబెట్టి చూపిస్తేనే జీతం. ఇప్పుడు మన పల్లెల్లో ఉపాధి హామీ పనికి వెళ్ళే ఆడవాళ్ళు "మస్టరు పడిందా?" అని అడుగుతుంటే నాకు ఆఫీసు గుర్తొస్తుంది.

మళ్ళీ తగువు దగ్గరికి. వారం తరవాత మేనల్లుడు, అంటే కుర్రాడి తండ్రి, ఖరగ్‌పూర్ నుంచి వచ్చాడు. రైల్వేలో పని. వస్తూ రెండు వాదాలు తెచ్చాడు. ఒకటి, శ్రీకాకుళంలో వాళ్ళ జ్యోతిష్కుడు కుర్రాడి జాతకంలో కుజుడు బలహీనంగా ఉన్నాడన్నాడు. రెండోది, "మావయ్యా, మనోళ్ళ రక్తంలో అది లేదు. పంజాబోళ్ళు, గూర్ఖాలు వేరు. మనది యుద్ధాలు చేసే జాతి కాదు కదా."

కుజుడి గురించి నేను పెద్దగా కష్టపడలేదు. "సైన్యంలో డాక్టరు కళ్ళు చూస్తాడు, ఛాతీ కొలుస్తాడు, చెవిలో లైటు వేస్తాడు. జాతకచక్రం అడిగిన వైద్యపరీక్ష ఫారం నా సర్వీసులో నేను చూడలేదురా" అన్నాను. రెండోదానికి మాత్రం చటుక్కున జవాబు దొరకలేదు. ఎందుకంటే అది మూఢనమ్మకంలా కనపడదు, చరిత్రలా కనపడుతుంది.

ఆ ఆదివారమే ఇంటికొచ్చిన మా తెలుగు స్నేహితుడొకాయన దీనికి విరుగుడు అన్నట్టు ఇంకో ముక్క వేశాడు. "ఎవరన్నారయ్యా మనది యుద్ధజాతి కాదని? ఒకప్పుడు బెంగాల్లో సిపాయి అనడానికి తెలింగా అనేవారు. అంటే తెలుగువాడే సిపాయి! మన రక్తంలోనే ఉంది." మేనల్లుడు నోరు తెరిచాడు. కుర్రాడి ముఖం వెలిగింది. నాకు రంగ్‌రూట్ గుర్తొచ్చింది. దాదా, ఆధారం?

మర్నాడు కుర్రాణ్ణి వెంటబెట్టుకుని అలీపూర్‌లో నేషనల్ లైబ్రరీకి వెళ్ళాను. యూల్, బర్నెల్ కూర్చిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువు, 1886లో మొదట అచ్చయింది. దాంట్లో తెలింగా ఉంది. స్నేహితుడు చెప్పింది నిజమే. 18వ శతాబ్దపు బెంగాల్లో ఆ మాట సిపాయికి పర్యాయపదం. కారణం కూడా ఉంది: యూరపు పద్ధతిలో కవాతు నేర్చి, ఆ తరహా దుస్తులు తొడుక్కున్న దేశీ సిపాయిలు బెంగాలుకి మొదట వచ్చింది తెలింగ దేశం అనుకున్న మద్రాసు వైపు నుంచి. 1756 జూన్‌లో సిరాజుద్దౌలా కలకత్తాని పట్టుకున్నాడు. ఆ అక్టోబరులో క్లైవు మద్రాసు నుంచి సుమారు 900 మంది యూరోపియన్లతో, 1500 మంది సిపాయిలతో ఓడలెక్కాడు. 1757 జనవరిలో కలకత్తాని తిరిగి తీసుకున్నాడు. ఆ ఏడే ఇక్కడి ఉత్తరాది మనుషులతో కొత్త పటాలం కట్టి ఎర్రకోట్లు తొడిగాడు, దాని పేరు లాల్ పల్టన్. గులాం హుసేన్ ఖాన్ పారశీకంలో రాసిన సియర్ ముతాఖిరీన్‌కి 1789లో కలకత్తాలో ఇంగ్లీషు అనువాదం అచ్చయింది, అందులో ఎక్కడ చూసినా తలింగాలే. ఆ తరవాత మహాదజీ సింధియా దగ్గర ద బ్వాన్ అనే సేనాని తయారుచేసిన పటాలాలకీ తెలింగాలనే పేరు. 1857లో ఢిల్లీలోకి దూసుకొచ్చిన అవధ్, బీహార్ సిపాయిలని కూడా ఢిల్లీ జనం తిలంగాలే అన్నారు.

ఇక్కడే ఆగి చూడాలి. అవధ్ బ్రాహ్మడూ భోజ్‌పూర్ రాజపుత్రుడూ తెలింగా అయ్యాడంటే, ఆ పేరుకి రక్తంతో ఏం పని? అది పేరు కాదు, ఉద్యోగం. పోనీ మొదట వచ్చిన ఆ 1500 మంది అయినా తెలుగువాళ్ళేనా? 1756 నాటికి ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి రాలేదు. మద్రాసు, ఆర్కాటు పరిసరాల్లో దొరికినవాళ్ళని చేర్చుకున్నారు. అందులో తమిళులు, ముస్లిములు, తెలుగువాళ్ళు అందరూ ఉంటారు. బెంగాలువాడికి దక్షిణం నుంచి వచ్చినవాడల్లా తెలింగా. ఇందులో ఆశ్చర్యం లేదు, నేను ఈ ఊరొచ్చిన నాటి నుంచి నేటి దాకా మా పాలవాడికి మద్రాసీనే. మా పక్కింటి మలయాళీ కూడా మద్రాసీయే. రేపెవరైనా ఆ మాట పట్టుకుని మేమిద్దరం ఒకే జాతి అని గ్రంథం రాస్తే ఎలా ఉంటుంది?

కుర్రాడి ముఖం వాడిపోయింది. వాడికి పుట్టుకతో వచ్చిన ఒక కిరీటం నేనే ఊడబెరికినట్టయింది. అందుకని రెండో సగం కూడా చూపించాను. మేనల్లుడి వాదం ఎక్కడ పుట్టిందో.

ఫ్రెడరిక్ రాబర్ట్స్ అనే దొర 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి సేనాపతి, ఆ తరవాత 1893 దాకా మొత్తం భారతదేశానికి. మద్రాసు సిపాయిలో యుద్ధగుణం చచ్చిపోయిందని ఆయన అభిప్రాయం. 1897లో అచ్చేసిన తన స్వీయచరిత్రలో దాచకుండా రాసుకున్నాడు. ఆ కాలంలోనే సిక్కులు, గూర్ఖాలు, పఠాన్లు వంటివాళ్ళు యుద్ధజాతులు, మిగతావాళ్ళు కారు అనే సిద్ధాంతం సైన్యానికి అధికారిక విధానమైంది. ఏ కులం ముక్కు ఎలా ఉంటుంది, ఏ జిల్లావాడు పనికొస్తాడు అని రిక్రూటింగు ఆఫీసర్లకి చేతిపుస్తకాలు అచ్చేశారు. పశువుల సంతలో పళ్ళు చూసే పద్ధతి. మద్రాసు పటాలాల్లో తెలుగువాళ్ళకి తలుపులు మూసుకుంటూ వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత, 1920లలో పొదుపు పేరుతో మద్రాసు రెజిమెంటునే రద్దు చేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి మనుషులు చాలకపోయేసరికి మళ్ళీ కట్టారు. అప్పుడు ఎవరి రక్తమూ మారలేదు, అవసరం మారింది. రెజిమెంటే రిక్రూటు అయిందన్నమాట, మళ్ళీ మొలిచింది.

లెక్క వేసి చూడండి. 1760లలో బెంగాల్లో సిపాయికి మన పేరు పెట్టారు. 1890లలో అదే మనం పుట్టుకతో పిరికివాళ్ళం అన్నారు. మధ్యలో నూటముప్ఫై ఏళ్ళు. ఏ జాతి నెత్తురూ ఐదారు తరాల్లో అలా తిరగబడదు. మారింది కొనేవాడి రుచి. దానికి శాస్త్రం అని పేరు పెట్టారు. శాస్త్రం పేరుతో వచ్చే అబద్ధం గ్రహాల పేరుతో వచ్చే అబద్ధం కంటే ఎక్కువకాలం బతుకుతుంది. దొరలు వెళ్ళిపోయి ఇన్నేళ్ళయినా మా మేనల్లుడి నోట్లో బతికే ఉంది, పైగా అది మన పెద్దల మాట అనుకుంటున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కాలేజ్ స్క్వేర్ మీదుగా వచ్చాం, చుట్టుదారి అయినా కావాలనే. అక్కడ చెరువు గట్టున 49వ బెంగాలీ రెజిమెంటు స్మారకం ఉంది. యుద్ధజాతుల పట్టీలో బెంగాలీలు మనకంటే కింద మెట్టు. అయినా మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు కావలసి వచ్చి 1916లో వాళ్ళనీ చేర్చుకున్నారు. కవి నజ్రుల్ ఇస్లాం 1917లో అందులో చేరినవాడే. 1920లో రద్దు చేశారు. స్మారకం మీద చనిపోయిన కుర్రాళ్ళ పేర్లున్నాయి. వాడు నిలబడి అన్నీ చదివాడు. నేను మన పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం సంగతి చెప్పాను. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు, ఇప్పటికీ ఇంటికొక సిపాయి, మిలిటరీ మాధవరం అని పేరు. తెలుగు నెత్తురే, గోదావరి నీళ్ళే. పక్క ఊరి నుంచి అంతమంది ఎందుకు వెళ్ళరు? ఎందుకంటే ఆ ఊళ్ళో అన్న వెళ్ళాడు కాబట్టి తమ్ముడు వెళ్ళాడు. దారి తెలిసింది, నెలనెలా ఇంటికి డబ్బు రావడం కనపడింది.

(మధ్యలో ఒక మాట. చదరంగంలో మన బంటు, ఇంగ్లీషు పాన్, పోర్చుగీసు నుంచి మన ఆఫీసులకొచ్చిన ప్యూను, ముగ్గురి అసలు ఉద్యోగం కాలిబంటే. రిటైరయ్యేదాకా నా టేబిలు మీద ఫైళ్ళు పెట్టిన ప్యూను మాట పుట్టుకని బట్టి పదాతిదళం. ఆయనకి చెప్తే నవ్వి, "మరి డేంజర్ అలవెన్సు ఇప్పించండి సార్" అన్నాడు.)

ఇంటికొచ్చాక మేనల్లుణ్ణీ కుర్రాణ్ణీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, రక్తం, కుజుడు, తెలింగా మూడూ పక్కనపెట్టి కాగితం తీశాను. అగ్నిపథ్ పథకం 2022 జూన్‌లో ప్రకటించారు. నాలుగేళ్ళు. మొదటి ఏడు నెలకి 30,000, చేతికొచ్చేది 21,000. మిగతా 9,000 సేవానిధికి. రెండో ఏడు 33,000, మూడో ఏడు 36,500, నాలుగో ఏడు 40,000. ప్రతిసారీ ముప్ఫై శాతం నిధికి. నాలుగేళ్ళలో కుర్రాడు కట్టేది 5,02,200, అంతే ప్రభుత్వం కడుతుంది, వడ్డీతో 11.71 లక్షలని ప్రకటన. గ్రాట్యుటీ లేదు, పెన్షన్ లేదు. 48 లక్షల బీమా ఉంది. నాలుగేళ్ళ తరవాత శాశ్వతంగా ఉంచుకునేది 25 శాతం దాకా. మిగతా ముగ్గురు ఇరవైరెండు, ఇరవైమూడేళ్ళకి బయటికి.

"ఈ సేవానిధిలో పెరిగేదాన్ని మా భాషలో అక్రూవల్ అంటారు" అన్నాను. "నువ్వు రిక్రూటు. రెండూ పెరుగుదలే. దీని పెరుగుదల ఎంతో కాగితం మీద ఉంది. నీది లేదు."

మేనల్లుడు అడిగాడు, "మరి మీరేమంటారు మావయ్యా, వెళ్ళమంటారా వద్దంటారా?"

నేను ఆ ప్రశ్నకి సిద్ధపడి లేను. నా ఖాతాలో ఆ పదకొండు రోజులు చిన్నవాడు ఉన్నాడు. వాడి కుటుంబానికి రావలసినవి సరిగ్గా లెక్కగట్టాం, ఆలస్యం కూడా కాలేదు. దానితో నా మనసు కుదుటపడిందా అంటే లేదు. వద్దు అని చెప్పాలనే ఉంది. కానీ వద్దు అనడానికి నా దగ్గరున్న కారణం భయం, వాడి దగ్గరున్న కారణం ఇష్టం. నా భయాన్ని మన జాతి గుణం అని పిలిచి వాడి నెత్తిన పెట్టే హక్కు నాకు లేదు. "నాకు భయంగా ఉందిరా" అన్నాను. "అది నా సంగతి. మీ నాన్నకి కూడా భయమే, కుజుడి పేరు చెప్తున్నాడు."

మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత కాగితం తీసుకుని, "ఆ ముగ్గురిలో ఒకడైతే, బయటికొచ్చాక ఏం చేస్తావు?" అని కొడుకుని అడిగాడు. మొదటిసారి అసలు ప్రశ్న వచ్చింది. కుర్రాడి దగ్గర పూర్తి జవాబు లేదు. సేవానిధిని ముట్టుకోకుండా డిగ్రీ చదువుతానన్నాడు, పోలీసు ఉద్యోగాలు చూస్తానన్నాడు. తండ్రీకొడుకులు రాత్రి పన్నెండింటిదాకా మాట్లాడుకున్నారు. నేను మధ్యలోనే పడుకున్నాను.

వాడు ఉన్న మిగతా వారం రోజులూ పొద్దున్నే మొదటి బస్సుకి మైదానంకి వెళ్ళాం. ఎదురుగా ఫోర్ట్ విలియం, ఇప్పుడు విజయ్ దుర్గ్ అని పేరు మార్చారు. జనం మాత్రం ఇంకా ఫోర్ట్ విలియమే అంటున్నారు. మంచులో మేకలు మేస్తుంటాయి, ఫుట్‌బాలు కుర్రాళ్ళు అరుస్తుంటారు. పరీక్షలో పరుగు 1.6 కిలోమీటర్లు. వాడు పరిగెత్తాడు, నేను మఫ్లరు చుట్టుకుని ఫోనులో టైము చూశాను. మొదటి రోజు 7 నిమిషాల 10 సెకన్లు. వెళ్ళేముందు రోజు 6 నిమిషాల 20. నా పాత ఆఫీసు డైరీలో రెండు కాలమ్స్ గీసి ఎక్కించాను, తేదీ ఒకవైపు, సమయం ఒకవైపు. ఇప్పుడు ఖరగ్‌పూర్ నుంచి రోజూ ఫోనులో అంకె పంపిస్తాడు. నిన్నటి అంకె పంపింది వాడు కాదు, వాళ్ళ నాన్న.